షూరిటీ సంతకం అడిగిన స్నేహితురాలు

తెనాలి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. వాట్సాప్‌లో నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి తీరుబడిగా కూర్చుని రాస్తున్నాను. మీ పెదనాన్నేమో "పెట్టొద్దని ఒక్క మాట చెప్పెయ్యక ఈ రామాయణమంతా దేనికి?" అంటున్నారు. ఆయన సంగతి నీకు తెలుసుగా. కొరియర్ అబ్బాయి పార్సిల్ తెచ్చినా కాగితం అటూ ఇటూ తిప్పి చదివితే గాని సంతకం పెట్టరు.

నువ్వు రెండు సంగతులు కలిపేసి అడిగావు. పాత రూమ్మేట్ 40,000 తీసుకుని నెలల తరబడి ఫోన్ ఎత్తడం లేదు, చివరికి నీ నంబరే బ్లాక్ చేసింది. ఇప్పుడు కాలేజీ రోజుల నుంచి ప్రాణంగా ఉన్న ఇంకో పిల్ల కూకట్‌పల్లిలో క్లౌడ్ కిచెన్ (కూర్చుని తినే హోటల్ కాకుండా ఆర్డర్ల మీద వండి పంపేది) పెట్టుకోవడానికి ఒక ఫైనాన్స్ కంపెనీలో 10 లక్షల లోనుకు పెట్టుకుంది, నిన్ను షూరిటీ ఉండమంటోంది. మొదటి పిల్ల దెబ్బకు రెండో పిల్లను చూసినా భయమేస్తోందనీ, అసలు ఈ లోకంలో నిజమైన స్నేహం, నమ్మకం ఉంటాయా పెద్దమ్మా అనీ రాశావు.

ఉంటాయే. బ్యాంకులో పనిచేశాను కాబట్టి నేను చూసినవన్నీ మోసాలే అయివుంటాయని మీ పిల్లలంతా అనుకుంటారు. నేను చూసినంతలో షూరిటీ సంతకాలున్న లోన్లు చాలావరకు ఏ గొడవా లేకుండా తీరిపోయాయి. తీరిపోయిన అప్పు గురించి ఎవరూ కథలు చెప్పుకోరు, అంతే. ఎగ్గొట్టినవాడి గురించైతే మూడు వీధుల అవతల కూడా చెప్పుకుంటారు. అందుకని నమ్మకం అనేది ఉందా లేదా అని బుర్ర పాడుచేసుకోకు. ఎవరిని, ఏ విషయంలో, ఎంతవరకు నమ్మాలన్నదే నువ్వు తేల్చుకోవలసింది.

ముందు సంతకం సంగతి చూద్దాం. దానికి గడువుంది కదా.

షూరిటీ అంటే "ఈ పిల్ల మంచిది, నేనెరుగుదును" అని చెప్పే సాక్షి సంతకం అనుకుంటారు చాలామంది. సాక్షి సంతకం వేరు, ఇది వేరు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్న మనిషికి ఎంత బాధ్యతో హామీ ఉన్న మనిషికీ అంతే బాధ్యత. ముందు ఆమెను అడగాలి, ఆమె దగ్గర రాకపోతేనే నీ గుమ్మం తొక్కాలి అన్న రూలు లేదు. నేరుగా నీ దగ్గరికే రావచ్చు. నెల తిరిగేసరికి జీతం పడే మనిషివి నువ్వు, ఇంకా మొదలుకాని వ్యాపారం ఆమెది. ఎవరి తలుపు ముందు తడతారో నువ్వే ఆలోచించుకో. నువ్వు కట్టిన డబ్బు తర్వాత ఆమె దగ్గర రాబట్టుకునే హక్కు కూడా చట్టం ఇచ్చింది. కాగితం మీద ఆ హక్కు ముచ్చటగానే ఉంటుంది. కంపెనీ లాయర్లు రాబట్టలేని డబ్బు నువ్వెక్కడ రాబడతావు?

ఇంకొకటి. ఆమె వాయిదాలు తప్పితే నీ క్రెడిట్ రిపోర్టులో కూడా అది కనిపిస్తుంది. 300 నుంచి 900 దాకా ఉండే ఆ క్రెడిట్ స్కోరు గురించి మీ తరం వాళ్లకు నాకంటే ఎక్కువ తెలుసు. రేపు నువ్వూ అల్లుడూ ఫ్లాట్ కొనుక్కుందామని లోనుకు వెళ్తే, ఈ హామీ కూడా నీ నెత్తిన ఉన్న బరువు కిందే లెక్క చూస్తారు.

లెక్క వేసి చెబుతాను. 10 లక్షలు, 12 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెలకు 22,000 పైచిలుకు వాయిదా పడుతుంది. ఫైనాన్స్ కంపెనీ వడ్డీ అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ డబ్బు ఐదేళ్లపాటు నీ జీతంలోంచి పోతోందని ఊహించుకో. అలా పోతున్నా ఆ పిల్ల ఇంటికి పండక్కి వెళ్లి మామూలుగా నవ్వుతూ భోంచేసి రాగలవా? రాగలనంటే సంతకం పెట్టు, నేను అడ్డం చెప్పను. రాలేనంటే పెట్టకు. మీ పెదనాన్న ఒక్క ముక్కలో చెప్పమన్నది ఇదే అనుకో. కానీ ఆయన చెప్పమన్నట్టు చెబితే నువ్వు సంతకం పెట్టవు, దాంతోపాటు ఆ పిల్లతో మాట్లాడటం కూడా మానేస్తావు. నాకు అది ఇష్టం లేదు.

ఆమెను ఒక ప్రశ్న అడుగు. ముద్ర పథకం కింద చిన్న వ్యాపారాలకు 10 లక్షల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులు లోన్లిస్తున్నాయి, 2015 నుంచీ ఉన్నదే. అక్కడికి వెళ్లిందా? వెళ్లలేదంటే ముందు వెళ్లమను. వెళ్తే కాదన్నారంటే, ఎందుకు కాదన్నారో కనుక్కో. బ్యాంకు మేనేజరు కాదన్నాడంటే ఆ పిల్ల చెడ్డదని అర్థం కాదు. పాత క్రెడిట్ కార్డు బాకీ ఉండొచ్చు, లెక్కలు సరిగ్గా వేసి ఉండకపోవచ్చు, ఆ మేనేజరుకు బద్ధకం కూడా అయి ఉండొచ్చు (అలాంటివాళ్లతో నేను కలిసి పనిచేశాను). కారణం ఏదైనా, అప్పిచ్చేవాళ్లకు ఆమె మీద ఉన్న అనుమానం నీ సంతకంతో మాయమైపోదు. ఆ అనుమానం ఖరీదు నీ ఖాతాలోకి మారుతుంది, అంతే.

పైగా ఆ కాగితం మీద సంతకం పెడితే నువ్వు నమ్ముతున్నది నీ స్నేహితురాలిని ఒక్కదాన్నే కాదు. ఆ కిచెన్‌కు రోజుకు ఎన్ని ఆర్డర్లు వస్తాయో, డెలివరీ యాప్‌లు ఎంత కమీషన్ కోస్తాయో, బిర్యానీ వండే మనిషి ఎన్నాళ్లుంటాడో, వాళ్లాయన రేపు ఏమంటాడో, అన్నింటినీ నమ్ముతున్నావు. ఆమె బంగారమే అయినా వీటిలో ఏ ఒక్కటి ఆమె చేతిలో ఉంది? నమ్మకద్రోహం అని మనం ఏడ్చే సంగతుల్లో సగం ఇలాంటివేనే. మనిషి మాట తప్పాలనుకోదు, వ్యాపారం పోతుంది. తర్వాత ఆమె ఏం చేసిందన్నదే స్నేహాన్ని తేలుస్తుంది.

ఇది నేను గాలిలోంచి చెప్పడం లేదు. ఒక స్కూలు మాస్టారు తన స్నేహితుడి లారీ లోనుకు షూరిటీ ఉన్నాడు. ఇద్దరూ ఒకే బెంచీలో చదువుకున్నవాళ్లు. లారీ రెండేళ్లు బాగానే తిరిగింది, తర్వాత ఇంజను పనికి వచ్చి షెడ్డులో పడింది. మాస్టారికి నోటీసు వెళ్లింది. ఆ కవరు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని నా కౌంటరు దగ్గరికొచ్చాడు. నేను వాయిదాల పట్టీ తీసి చూపిస్తే, తప్పిన నెలలన్నీ వేలితో లెక్కపెట్టుకున్నాడు. "ఈ నెల వాడు మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు వచ్చాడండీ" అన్నాడు ఒక వరుస మీద వేలు పెట్టి. "ఈ నెలలో రోజూ సాయంత్రం ఇద్దరం కలిసి టీ తాగాం. ఒక్క మాట అనలేదు." జీతంలోంచి ఎంత కోస్తారని అడగడం ఆయనకు చాలాసేపటికి గాని గుర్తు రాలేదు. డబ్బు ఆయన కట్టేశాడు, కాలేజీ ఫీజుకని దాచుకున్నది తీసి. టీ మాత్రం మళ్లీ కలిసి తాగలేదు.

ఇంకో ఇద్దరున్నారు, దుగ్గిరాల వైపు పసుపు రైతులు. దుగ్గిరాల పసుపు యార్డు నీకు తెలుసుగా, చిన్నప్పుడు మీ తాతయ్యతో వెళ్లి దుమ్ముకు తుమ్ముతూ వచ్చేదానివి. ఒకాయన లోను తీసుకుంటే రెండో ఆయన షూరిటీ. ఆ ఏడు ధర పడిపోయింది. గడువు ఇంకా చాలా ఉండగానే అప్పు తీసుకున్నాయన తన షూరిటీని వెంటబెట్టుకుని బ్యాంకుకు వచ్చాడు. "ఈసారి మొత్తం కట్టలేనమ్మా. ఇంత మాత్రం కడతాను, మిగతాదానికి ఏం చెయ్యాలో చెప్పండి. ఈయనకు కాగితం వెళ్లేముందు నేనే చెప్పాలని తీసుకొచ్చా" అన్నాడు. రెండో ఆయన ముఖం మాడిపోయే ఉంది. వచ్చేదాకా దారి పొడుగునా తిట్టాడట కూడా. కానీ గడువు పెంచమని అర్జీ రాస్తే దాని మీద మళ్లీ సంతకం పెట్టింది ఆయనే. ఆ బాకీ తీరడానికి చాలా కాలం పట్టింది, గేదెను కూడా అమ్ముకున్నారు. వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు ఇద్దరి పేర్లతో శుభలేఖలు మా బ్రాంచికి వచ్చాయి.

లారీ ఆయన దొంగ అని నేను ఇప్పటికీ అనుకోను. సిగ్గుపడి ఉంటాడు, వచ్చే నెల కట్టేద్దాంలే అనుకుని ఉంటాడు. ఆ వచ్చే నెల అన్నది అప్పులున్నవాళ్ల ఇళ్లలో ఎప్పటికీ రాదు. ఇద్దరూ బాకీ పడ్డవాళ్లే, ఇద్దరికీ కష్టమే వచ్చింది. ఒకాయన చెడ్డ కబురు తానే మోసుకొచ్చాడు, ఇంకొకాయన కబురు పోస్టుమ్యాన్ తెచ్చాడు. అంతే తేడా.

మనిషిని నమ్మొచ్చా లేదా అని నన్నడిగితే నేను చూసేది ఇదొక్కటే. తనకు పరువు తక్కువైన కబురును నీకు తానుగా, ముందుగా చెప్పిందా? నీకోసం ప్రాణమిస్తానన్న మాటలు, పుట్టినరోజుకు అర్ధరాత్రి కేకులు, స్టేటస్‌లో ఫొటోలు, ఇవేవీ నేను లెక్కలోకి తీసుకోను. ఆ పిల్లను నువ్వు హాస్టల్ రోజుల నుంచి ఎరుగుదువు. గుర్తు చేసుకో. సబ్జెక్టు పోయినప్పుడు నీతో చెప్పిందా, రిజల్టు షీట్ చూసి నువ్వే కనుక్కున్నావా? నీ డ్రెస్ వేసుకెళ్లి మరక చేసినప్పుడు చెప్పి ఇచ్చిందా, మడత లోపలికి మరక పెట్టి ఇచ్చిందా? నవ్వకు, మరక సంగతి చిన్నదేం కాదు. ఉద్యోగం పోయినప్పుడు ఎన్ని రోజులకు చెప్పింది? నీ దగ్గర తీసుకున్న చిల్లర మల్లర డబ్బు నువ్వు అడక్కముందే ఇచ్చేదా? ఆలస్యమైతే ఆలస్యమవుతుందని చెప్పేదా? ఇవన్నీ నీకు తెలుసు. కూర్చుని గుర్తు చేసుకోవడమే తరువాయి. ఆ రూమ్మేట్ విషయంలో కూడా ఇలాంటివి ముందే కనిపించి ఉంటాయి. నువ్వు మంచిదానివి కాబట్టి పోన్లే అనుకుని ఉంటావు.

ఇక కాగితం సంగతి. "స్నేహితుల మధ్య అప్పు నోటు ఏంటి, అసహ్యంగా" అని రాశావు. అసహ్యం దేనికే? నేను గ్రూపు లోన్ల పనిమీద పల్లెల్లో పొదుపు సంఘాల మీటింగులకు వెళ్లేదాన్ని. మన నెల్లూరు జిల్లాలో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచిన తర్వాత, రోజుకొక రూపాయి చొప్పున దాచుకుంటూ ఆడవాళ్లు పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. వ్యవసాయానికీ పల్లెలకూ అప్పుల సంగతి చూసే జాతీయ బ్యాంకు నాబార్డు 1992లో దేశం మొత్తమ్మీద 500 సంఘాలతో బ్యాంకు లోన్ల ప్రయోగం మొదలుపెట్టింది. తాకట్టు లేదు, షూరిటీ లేదు, ఉన్నదల్లా ఒకరి మీద ఒకరికి నమ్మకం. ఇంత నమ్మకం మీద నడిచే సంఘానికి పంచసూత్రాలని ఉన్నాయి: వరసగా మీటింగులు పెట్టుకోవడం, పొదుపు చెయ్యడం, లోపల్లోపల అప్పులిచ్చుకోవడం, సకాలంలో కట్టడం, పుస్తకాలు రాయడం. ఐదోది చూశావా? పుస్తకాలు రాయడం.

ఒక మీటింగు నాకు బాగా గుర్తు. రామాలయం అరుగు మీద చాప. సంఘంలో తోడికోడళ్లున్నారు, వియ్యపురాళ్లున్నారు, పక్కపక్క ఇళ్ల వాళ్లున్నారు. లీడరు ఒక్కొక్కరి డబ్బు అందరికీ వినబడేలా పైకి లెక్కపెట్టి, పదో తరగతి చదివిన ఒక కోడలిపిల్లకు ఇస్తే ఆమె పుస్తకంలో ఎక్కించి, అంకె చదివి, సంతకం చేయించింది. సొంత అత్తగారి డబ్బు కూడా అలాగే రెండోసారి లెక్కపెట్టింది. ఆ అత్తగారు ముఖం ముడుచుకోలేదు. పది రూపాయలు తక్కువొస్తే "ఉండవే, కొంగున ఉన్నాయి" అని ముడి విప్పి ఇచ్చింది. పుస్తకం ఉంది కాబట్టే వాళ్లలో ఎవరూ ఎవరినీ రాత్రిపూట అనుమానిస్తూ పడుకోలేదు.

అన్ని సంఘాలూ అలా సాఫీగా నడిచాయని చెప్పను. చిన్న చిన్న అప్పులిచ్చే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాక, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లను ఆ కట్టనివాళ్ల గుమ్మం ముందు కూర్చోబెట్టే పద్ధతి మొదలైంది. 2010 అక్టోబరులో ఆ కంపెనీలను కట్టడి చెయ్యడానికి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వెళ్లింది వ్యవహారం. సంఘం అన్న పేరు అదే, పద్ధతీ పైకి అదే. ఇష్టపడి ఒకరికొకరు హామీ ఉండటానికీ, పక్కింటావిడ వాయిదా కట్టకపోతే నీకు లోను రాదని బెదిరిస్తే హామీ ఉండటానికీ ఎంత తేడా ఉందో ఆ రోజుల్లో చూశాం. నీకిప్పుడు వచ్చిన టెన్షన్ కూడా కొంచెం అలాంటిదే. "నువ్వు సంతకం పెట్టకపోతే నా కలంతా పోతుంది" అని ఆ పిల్ల అన్నదని రాశావు. ప్రేమగానే అని ఉంటుంది. అయినా ఆ మాట నాకు నచ్చలేదు.

నోటు అంటే పెద్ద తతంగమేమీ లేదు. 20,000, అంతకుమించి అప్పు నగదుగా పుచ్చుకోకూడదని ఎలాగూ ఆదాయపు పన్ను చట్టమే చెబుతోంది, కాబట్టి బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు పంపు. ఎంత, ఎప్పటికల్లా, వడ్డీ ఉందా లేదా అని ఒక్క మెసేజ్ పెట్టు, ఆమెను "సరే" అనమను. చిన్న మొత్తానికి ఆ మాత్రం చాలు. పెద్దదైతే ప్రామిసరీ నోటు రాయించుకో, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం. నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అంటే కోర్టుకు వెళ్లే గడువు దాటిపోతుంది. ఈలోగా కొంత డబ్బు ఇస్తే నోటు వెనక జమ రాసి సంతకం చేయించుకుంటే మళ్లీ ఆ తేదీ నుంచి మూడేళ్లు. మా నాన్న కాలంలో ఊళ్లో పెద్దరైతులు సంక్రాంతి వెళ్లాక నోట్లు తిరగరాయించుకునేవాళ్లు, కాఫీలు తాగుతూ, ఏ మొహమాటం లేకుండా. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నా, ఎవరికీ ఖాళీ నోటు మీద గాని, ఖాళీ చెక్కు మీద గాని సంతకం పెట్టి ఇవ్వకు. ఎవరినీ పెట్టమని అడగకు. ఖాళీలు నింపుకునే హక్కు చట్టమే వాళ్ల చేతిలో పెడుతుంది. కోర్టులో "నేను ఇంత రాయమనలేదండీ" అని ఏడిస్తే వినేవాళ్లుండరు.

ఆఫీసులో నడిపే చీటీల గురించి కూడా ఆఖర్న అడిగావు. రిజిస్టరైన చీటీ అయితే కట్టు, నలుగురు కూర్చుని నడుపుకునేదైతే పోయినా బాధపడని మొత్తం దాకా కట్టు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు ఆ పిల్లకు ఎలా చెప్పాలో చెబుతాను. నాకు తెలిసి నువ్వు సంతకం పెట్టవు, పెట్టే దానివైతే నన్ను అడిగేదానివి కాదు.

మొదటిది, నాన్చకు. "చూద్దాం", "ఆయన్ని అడిగి చెబుతా", "ఆధార్ అప్‌డేట్ అవ్వాలి" అని రోజులు గడపకు. ఆమె నీ మీద ఆశ పెట్టుకుని ఇంకొకళ్లను అడక్కుండా కూర్చుంటుంది. ఆ ఆలస్యమే ఆమెకు అసలు నష్టం. రెండోది, ఫోన్‌లో వద్దు. మెట్రో ఎక్కి కూకట్‌పల్లి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పు. మొగుడి మీదా, అమ్మ మీదా, నా మీదా తొయ్యకు. "మా పెద్దమ్మ బ్యాంకులో చేసింది, వద్దంది" అని నన్ను వాడుకుంటావేమో, నీ సంగతి నాకు తెలుసు. నువ్వే వద్దనుకున్నానని చెప్పు. ఇలా చెప్పొచ్చు: "నువ్వు ఎగ్గొడతావని కాదే. కిచెన్ నడవకపోతే ఐదేళ్లు ఆ వాయిదా నేను కట్టలేను. కట్టాల్సి వస్తే నీమీద కోపం పెంచుకుంటాను. అది నాకు ఇష్టం లేదు. అందుకే సంతకం పెట్టను." ఆపైన చేతనైంది చెప్పు. నీ దగ్గర 50,000 విడిగా ఉన్నాయన్నావు. పోయినా పర్వాలేదనుకుంటే అవి అప్పుగా ఇవ్వు, లేదా ఇచ్చేశాననే అనుకుని ఇవ్వు. శనివారాలు వెళ్లి లెక్కలు రాసిపెట్టు, నీకు ఎక్సెల్ బాగా వచ్చు. ముద్ర అప్లికేషన్ పెట్టేటప్పుడు ఏ కాగితాలు కావాలో నేను ఫోన్‌లో చెబుతాను. 10 లక్షలతో పెద్దగా మొదలుపెట్టే బదులు ఇంట్లోనే కర్రీ పాయింట్‌లా చిన్నగా మొదలుపెట్టొచ్చు కదా అని కూడా అడుగు. మన కుచేలుడు ఏమీ అడక్కుండా అటుకులు ఇచ్చి తిరిగొచ్చేస్తే కృష్ణుడు అంతా తెలుసుకుని ఇచ్చాడంటారు. ఆయన దేవుడు కాబట్టి సరిపోయింది. మనలాంటివాళ్లం నోరు తెరిచి ఏం కావాలో అడగాలి, ఏం ఇవ్వగలమో చెప్పాలి.

ఆమెకు కోపం వస్తుంది. రానీ. వారం మాట్లాడకపోవచ్చు, నెల మాట్లాడకపోవచ్చు. నువ్వు మాత్రం మామూలుగానే పలకరిస్తూ ఉండు, సంజాయిషీలు రాయకు. సంతకం పెట్టలేదని నీతో శాశ్వతంగా తెగతెంపులు చేసుకుంటే, ఏరు దాటేదాకానే ఓడ మల్లయ్య అన్నట్టు, ఆమెకు కావలసింది నువ్వు కాదని తేలుతుంది. నాకైతే ఆ పిల్ల అలా చేస్తుందనిపించడం లేదు. నీ పెళ్లిలో వడ్డన దగ్గర చీర కుచ్చిళ్లు దోపుకుని నిలబడిన పిల్ల కదూ?

ఒకవేళ ఇదంతా చదివి కూడా సంతకం పెడదామనే అనిపిస్తే, కొన్ని అడిగి పెట్టు. హామీ ఎంత మొత్తానికో కాగితంలో రాయించు, మొత్తం లోనుకు వద్దు. ఇంకో షూరిటీ కూడా ఉండాలను, ఇద్దరుంటే భారం ఇద్దరూ పంచుకుంటారు. ఆమె క్రెడిట్ రిపోర్టు చూపించమను. నెలనెలా వాయిదా కట్టిన మెసేజ్ నీకు ఫార్వర్డ్ చెయ్యమను. ఇవి అడిగితే ఆమె ముఖం ఎలా పెడుతుందో కూడా చూడు. ఫైలు తెచ్చి నీ ముందు పడేసి "చూసుకోవే" అంటే ఒక లెక్క, "నా మీద ఇంత కూడా నమ్మకం లేదా" అంటే ఇంకో లెక్క.

రూమ్మేట్ 40,000 సంగతికి వస్తే, ట్రాన్స్‌ఫర్ చేసిన రికార్డూ, తిరిగిస్తానని తను పెట్టిన మెసేజ్‌లూ ఉన్నాయన్నావు, వాటిని చెరపకుండా దాచు. మెయిల్‌కో, వాళ్ల ఇంటి అడ్రసుకో మర్యాదగా ఒక్క ఉత్తరం రాయి, ఇంత బాకీ, ఫలానా తేదీలోగా ఇవ్వు, ఒక్కసారి కుదరకపోతే నెలకింత ఇవ్వు అని. నెలకింత అన్న మాట మర్చిపోకు. సిగ్గుతో తలుపు మూసుకున్నవాళ్లు చాలామంది ఆ మాటకే తీస్తారు. జవాబు రాకపోతే, 40,000 కోసం కోర్టు చుట్టూ తిరిగే ఓపిక నీకుందేమో చూసుకో, నేనైతే తిరగను. పాత బ్యాచ్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టి ఆమె పరువు మాత్రం తీయకు. డబ్బు రాదు సరికదా, నీకు రేపు ఏ రహస్యం చెప్పాలన్నా మిగతావాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఒక మనిషిని నమ్మితే అన్నింటికీ నమ్మాలి, లేకపోతే దేనికీ నమ్మకూడదు అని మీ వయసులో అనిపిస్తుంది. మా సుబ్బలక్ష్మి అత్తయ్య అని మీరు పిలిచే ఆవిడ ఉంది కదా, మా ఎదురింటావిడ. అప్పు తీసుకుంటే ఆవిడ గడువుకు ఇచ్చిన పాపాన పోలేదు. పంచదార తీసుకున్నా అంతే. నేను ఆవిడకు వెయ్యికి మించి ఎప్పుడూ ఇవ్వను, ఆ సంగతి ఆవిడకూ తెలుసు, అడగదు కూడా. కానీ మీ పెదనాన్నకు గుంటూరులో ఆపరేషన్ అయినప్పుడు నేను ఇంటికెళ్లి స్నానం చేసి రావాలంటే ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్నది ఆవిడే. డాక్టరు ఏం చెప్పాడో, ఏ మందు ఎన్ని గంటలకు తెమ్మన్నాడో అక్షరం పొల్లుపోకుండా గ్యాస్ బిల్లు వెనక రాసిపెట్టి ఉంచేది. మా బీరువా తాళాలు కూడా ఆవిడ దగ్గరే ఉంటాయి మేము ఊరెళ్తే. బీరువాలో డబ్బు ఒక్క రూపాయి కదలదు. అప్పుగా ఇస్తే మాత్రం తిరిగి రాదు! ఎందుకలాగో నేనిప్పటికీ కనిపెట్టలేకపోయాను, కనిపెట్టాల్సిన అవసరం కూడా లేదనుకుంటాను. నాకున్న స్నేహితుల్లో ఆవిడే పెద్దది.

సరే, ఫైనాన్స్ కంపెనీవాళ్లు నీకు పంపిన కాగితాలు ఫొటో తీసి పంపు. చిన్న అక్షరాల పేజీలు కూడా. మీ పెదనాన్న భూతద్దం పెట్టుకుని రెడీగా ఉన్నారు. ఆదివారం పదింటి తర్వాత ఫోన్ చెయ్యి, అంతకుముందు గుడికి వెళ్తాను.

ఈ సంగతి అమ్మకు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. తనంతట తనే అడిగితే మాత్రం అబద్ధం ఆడను, మీ అమ్మ సంగతి తెలుసుగా, నా గొంతు వింటేనే పట్టేస్తుంది. కాబట్టి వచ్చే వారంలోగా నువ్వే చెప్పెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ